చంద్రకళ విమానం, మాణిక్యాంబ ఫోను

విమానం కూలిన ఆదివారం నాడు మాణిక్యాంబ తన కూతురికి పదకొండు సార్లు ఫోను చేసింది. చేరావా అని ఒకటి, నీళ్ళ సీసా పట్టుకెళ్ళావా అని ఒకటి, గడ్డిలో పాములుంటాయి బూట్లు విప్పకు అని ఒకటి. టోపీ గురించే నాలుగు. పదకొండోది కూడా టోపీ గురించే, కాని అది మోగేసరికి విమానం గాలిలో ఉంది.

ఆ విమానం అంత పెద్దది కాదు. థర్మాకోలుతో చేసినది, రెక్కలు చాపితే ఒక మనిషి బార. కూతురు చంద్రకళ ఐటీఐలో కరెంటు పని నేర్పే టీచరు. ఆదివారం వస్తే చాలు, మూతబడ్డ జనపనార మిల్లు వెనక మైదానంలో నిలబడి, చేతిలో చిన్న రిమోటు పెట్టె పట్టుకుని విమానాన్ని ఆకాశంలో తిప్పుతుంది. ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్ళిద్దరే. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మాణిక్యాంబకు రేడియో తరంగాల సంగతి తెలియదు గాని, ఆడపిల్ల ఎండలో నిలబడి ఆకాశం వంక నోరు తెరుచుకుని చూస్తే ఏమేం జరగవచ్చో మాత్రం మొత్తం తెలుసు. వడదెబ్బ తగలవచ్చు. గద్ద తన్నవచ్చు. చూస్తూ చూస్తూ వెనక్కి నడిచి నూతిలో పడవచ్చు. ఆ మైదానంలో నూయి లేదని చంద్రకళ ఎన్నిసార్లు చెప్పినా, "ఇప్పుడు లేకపోతే రేపు తవ్వరేంటి?" అనేది.

సరే, ఫోను మోగింది. విమానం ముక్కు పైకెత్తింది, ఒక్క క్షణం గాలిలో ఆలోచించుకున్నట్టు ఆగింది, తిన్నగా వచ్చి రేపాకపాలెం పురపాలక గగన విహార మండలి వారి పులిహోర గంగాళంలో పడింది.

మండలి కార్యదర్శి చింతలపాటి భీమశంకరం గారు నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆ ముప్పై మూడేళ్ళలో ఏ కాలవ గండి పడినా సాయంత్రం లోగా కారణం కనిపెట్టి రాసేవారు. ఇక్కడ సాయంత్రం దాకా కూడా పట్టలేదు.

"ఫోను మ్రోగినది. విమానము కూలినది," అన్నారు ఆయన, మీసం మీది పసుపు మెతుకు తుడుచుకుంటూ. "ఈ రెండు ఘటనల మధ్య వ్యవధి రెండు సెకండ్లు. ఇంతకన్నా విచారణ ఏమి కావలెను?"

"ఫోనుకీ దీనికీ సంబంధం లేదండి," అంది చంద్రకళ. "ఈ రిమోట్లు కొత్తరకం. ఒకదాని మాట ఒకటి వినవు. తోక బరువెక్కితే ఎలా పడుద్దో అలా పడిందండి. రాత్రి ఇంట్లో తూకం చూసే తెచ్చాను, అదే తెలీడం లేదు."

"తూకం చూసితిని అని నీవే చెప్పుచున్నావు. కావున తూకం కాదు. కావున ఫోను," అన్నారు భీమశంకరం గారు. ఆ నివేదిక మీద మండలి సభ్యులు తొమ్మిది మంది సంతకాలు పెట్టారు.

చంద్రకళ విరిగిన ముక్కలన్నీ గోనెసంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. మాణిక్యాంబ ముందు కూతురి కాళ్ళూ చేతులూ తడిమి చూసింది, తరవాత కూతురు మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే సంచి విప్పింది. ముక్కు నుజ్జునుజ్జయింది. రెక్క రెండుగా విరిగింది. తోకకు మాత్రం గీత కూడా పడలేదు. తోకకున్న చిన్న మూత తీసి వేలు పెడితే, తెల్లవారుజామున కూతురు స్నానానికెళ్ళినప్పుడు తాను దాచిన రాగి తాయెత్తు ఎర్రదారంతో సహా చెక్కు చెదరకుండా దొరికింది.

మాణిక్యాంబ దాన్ని కళ్ళకద్దుకుంది. ఎంత మహిమ లేకపోతే తాయెత్తు ఉన్న చోటు ఒక్కటే మిగులుతుంది? కళకు చెబితే తీసి పారేస్తుంది, ఇలాంటివి దానికి గిట్టవు. అందుకని చెప్పలేదు. ఒకటి సరిపోలేదు, అంతే. ఈసారి రెండు కట్టాలి అనుకుంది.

*

మరుసటి ఆదివారానికి మైదానం గేటు దగ్గర గుడారం వెలిసింది. 'చరవాణి స్వీకరణ కేంద్రము' అని బోర్డు కట్టారు. అక్కడ బల్ల ముందు కూర్చున్న గుమాస్తా సన్యాసిరావు వచ్చిన వారి ఫోన్లన్నీ ఆపించి తీసుకుంటున్నాడు. ఫోను నిజంగా ఆగిందో లేదో ఊరికే మాట మీద నమ్మడం మండలికి ఇష్టం లేదు. కాబట్టి సన్యాసిరావు మండలి వారు ఇచ్చిన ఫోనులోంచి ఒక్కొక్క నంబరుకూ ఫోను చేసి, 'స్విచాఫ్ చేయబడి ఉన్నది' అన్న మాట చెవులారా విని, అప్పుడు ముద్ర వేసేవాడు. ఆ విధంగా పొద్దున్న ఏడు గంటల నుంచి పదింటి దాకా మైదానం అంచున ఒక ఫోను ఎడతెగకుండా పనిచేసింది. అది తనిఖీ ఫోను కనుక లెక్కలోకి రాదని నిబంధనల్లోనే ఉంది.

ఫోను ఇచ్చినందుకు టోకెను నంబరు వస్తుంది. అది మెసేజిగా ఎవరి ఫోనుకు వారికే వస్తుంది.

"నా ఫోను మీ దగ్గరే ఉంది కదండీ, నంబరెలా చూసుకోను?" అని చంద్రకళ అడిగింది.

"మీ ఫోను తీసుకుని చూసుకోవచ్చండి," అన్నాడు సన్యాసిరావు.

"అయితే ఇవ్వండి."

"టోకెను నంబరు చెప్పండి."

ఇటు ఇంట్లో మాణిక్యాంబ పరిస్థితి చెప్పనలవి కాకుండా ఉంది. ఎన్నిసార్లు చేసినా కూతురి ఫోను స్విచాఫ్. స్విచాఫ్ అంటే ఆమె లెక్కలో మొదటిది ఆసుపత్రి. రెండోది చెప్పుకోడానికి కూడా నోరు రాదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గేటు దగ్గరకు పరిగెత్తుకొచ్చింది.

"బాబూ, మా చంద్రకళ టోపీ పెట్టుకుందో లేదో ఒక్కసారి చూసి చెప్తావా?"

"అలా నోటి మాటగా చెప్పడానికి లేదండి పిన్నిగారూ," అని సన్యాసిరావు ఒక కాగితం తీశాడు. 'క్షేమ విచారణ దరఖాస్తు'. మూడు ప్రతులు. విచారించబడు వ్యక్తితో బంధుత్వము, విచారణకు గల కారణము, గతములో విచారించిన తేదీలు. గతములో విచారించిన తేదీలకు చోటు చాలక మాణిక్యాంబ వెనక పేజీలో కూడా రాసింది.

జవాబు బుధవారం పోస్టులో వచ్చింది. "తమరి దరఖాస్తు పరిశీలించడమైనది. గడచిన ఆదివారము ఉదయం 8 గంటల 40 నిమిషములకు తమరి కుమార్తె టోపీ ధరించియుండెను."

దాన్ని చంద్రకళే చదివి వినిపించింది. కాని అప్పటికి ఆమె మొహంలో నవ్వు లేదు. ఎందుకంటే ఆ ఆదివారం రెండో విమానం కూడా పడింది. దాని తోకలో రెండు తాయెత్తులు, ఒక వెండి బిళ్ళ, ఒక నిమ్మకాయ ఉన్నాయి. ఈసారి కూడా తోకకు ఏమీ కాలేదు. నిమ్మకాయ కూడా నలగలేదు.

*

ఫోన్లన్నీ ఆపినా విమానం పడిందంటే ఆపవలసిన ఫోన్లు ఇంకా ఉన్నాయని భీమశంకరం గారు తేల్చారు. నిషేధం కిలోమీటరు దూరం పాకింది. ఆదివారం ఉదయం ఏడు నుంచి పది దాకా మిల్లు కాలనీ మొత్తం ఫోన్లు ఆపేయాలి. మైకు పట్టుకుని ఆటో తిరిగింది. "తరంగ నిశ్శబ్దమునకు సహకరించుడి! మీ ఒక్క హలో ఒక విమానమునకు మృత్యువు!" కాలనీ కల్యాణమండపంలో పెళ్ళివారు పురోహితుడు ఎక్కడిదాకా వచ్చాడో తెలుసుకోడానికి వీధి చివరికొక మనిషిని, వంతెన దగ్గరికొక మనిషిని నిలబెట్టుకున్నారు. పురోహితుడు వచ్చాడు గాని ఆ నిలబెట్టిన మనుషులకు వచ్చేయమని చెప్పే దారి లేక వాళ్ళిద్దరూ భోజనాలకు అందలేదు.

ఈ నిషేధం ఉత్తరువు అడుగున ఒక చిన్న పేరా ఉంది. 'పదేపదే తరంగములను ఆకర్షించు పైలటు'గా చంద్రకళను గుర్తించడమైనది. మండలి వార్షికోత్సవం నాడు ఆమెకు ఆఖరి అవకాశం. ఆ రోజు మూడోసారి విమానం కూలితే ఆమె పేరు రిజిస్టరు నుంచి కొట్టివేయబడును, మైదానములోనికి యావజ్జీవము ప్రవేశము లేదు.

నిజానికి ఆ పేరా చదవగానే మాణిక్యాంబకు లోపల్లోపల హాయిగా అనిపించింది. ఎండ లేదు, పాము లేదు, రాబోయే నూయి లేదు. పిల్ల ఆదివారాలు ఇంట్లోనే ఉంటుంది. ఆ హాయి రెండు రోజులు నిలిచింది. మూడో రోజు కూతురు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ కిటికీలోంచి కాకుల్ని చూడడం గమనించింది. కాకి రెక్క ఎటు వంచితే చంద్రకళ బొటనవేలు కంచం అంచు మీద అటు కదులుతోంది.

"ఎగరెయ్యవే తల్లీ," అంది మాణిక్యాంబ, తన గొంతు తానే గుర్తుపట్టనట్టు. "ఈసారి పడదు. నాది పూచీ."

"నీ పూచీతో ఎగురుద్దా అమ్మా?" అని చంద్రకళ చిన్నగా నవ్వింది.

మాణిక్యాంబ మాట మీద నిలబడే మనిషి. రెండు కొండలెక్కింది, ఒక దర్గాకు వెళ్ళింది. వార్షికోత్సవం తెల్లవారేసరికి మూడో విమానం తోకలో నాలుగు తాయెత్తులు, వెండి బిళ్ళ, తొమ్మిది గ్రహాలకూ కలిపి తొమ్మిది మడతల రాగి రేకు, దిష్టికి ఒక జీడిగింజల దండ సర్దింది. నిమ్మకాయకు చోటు చాల్లేదు.

*

వార్షికోత్సవానికి పందిరి వేశారు. రాజధాని నుంచి సంయుక్త సంచాలకులు ముఖ్య అతిథిగా వచ్చారు. ఫోను చేసే వీలు లేదు కాబట్టి మాణిక్యాంబ స్వయంగా వచ్చేసి, తన ఫోను కూడా గుడారంలో ఇచ్చింది. ప్రేక్షకులను మైదానానికి ఇవతల తాడు కట్టి నిలబెట్టారు. పైలట్లు, పెద్దల పందిరి అవతల, కేక వేసినా వినపడనంత దూరంలో.

ఇవతల తాడు పక్కనే తనిఖీ బల్ల. విమానాల్లో ఎక్కడైనా ఫోను దాగి ఉందేమోనని తనిఖీ అధికారి ఒక్కొక్కటీ తెరిచి చూసి, లక్కతో సీలు వేస్తున్నాడు. సీలు వేసినదాన్ని ఎగరేసే దాకా పైలటైనా ముట్టరాదు, తూకమైనా చూడరాదు. చంద్రకళ విమానం వచ్చింది. అధికారి తోక మూత తీశాడు. మాణిక్యాంబ తాడు మీంచి ముందుకు వంగింది. ఆయన లోపలికి చూశాడు, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు, 'ఫోను లేదు' అని రాసి మూత మీద సీలు కొట్టాడు.

మాణిక్యాంబ ప్రాణం కుదుటపడింది. పక్కనే స్టూలు మీద కూర్చున్న పెద్దాయనకు ఒక జీళ్ళముక్క పెట్టి, తానూ ఒకటి తీసుకుంది. ఆయన పేరు బుల్లెబ్బాయి, ఒకప్పుడు రైసుమిల్లు మెకానిక్కు. చేతులు వణకడం మొదలయ్యాక విమానాలు ఎగరేయడం మానేసి, ఎగరేసేవాళ్ళను తిట్టడం పెట్టుకున్నాడు.

"అదుగో, ఆ కుర్ర సన్నాసి చూడండి," అన్నాడు బుల్లెబ్బాయి. "పోయిన వారం రెండు వేళ్ళ మీద పెట్టి ఎన్నిసార్లు తూకం చూసుకున్నాడో. ఇయ్యాల సీలంట! తూకం చూడకుండానే ఎగరేస్తాడంట."

"తూకం ఎందుకండీ?"

"ఎందుకేంటమ్మా! రెక్కల కింద రెండు వేళ్ళు పెడితే తక్కెడలాగా సమంగా నిలబడాలి. తోకలో ఓ రూపాయి బిళ్ళ బరువు ఎక్కువైందనుకో, ముక్కు పైకెత్తుద్ది. ఎత్తి, గాల్లో ఓసారి ఆలోచించుకున్నట్టు ఆగి, చచ్చూరుకుంటాది. ఫోనూ లేదు, చింతకాయా లేదు. పోయినసారి ఆ టీచరమ్మాయిది అలాగే పడింది. ఎవడో దాని తోకలో రాయి పెట్టాడని నా అనుమానం."

జీళ్ళముక్క మాణిక్యాంబ చేతిలోనే ఉండిపోయింది. ఒక రూపాయి బిళ్ళ. తాను పెట్టింది నాలుగు తాయెత్తులు, తొమ్మిది గ్రహాలు.

అవతల మైకులో, "ఇప్పుడు కుమారి చంద్రకళ," అన్నారు.

మాణిక్యాంబ చెయ్యి అలవాటు కొద్దీ చీర బొడ్లోకి వెళ్ళింది. ఫోను లేదు. జీవితంలో మొదటిసారి ఆమెకు ఫోను చేయవలసిన నిజమైన కారణం దొరికింది, ఫోను కాస్తా గుడారంలో ముద్ర వేయించుకుని పడుకుంది. తాడు దగ్గరకు పరిగెత్తింది.

"అవతలికెళ్ళాలంటే ప్రవేశ పత్రం ఉండాలండి పిన్నిగారూ," అన్నాడు సన్యాసిరావు.

"ఎక్కడిస్తారు బాబూ?"

"ఇవ్వరండి. ఫోనుకి వస్తాది."

మాణిక్యాంబ తాడు ఎత్తి అవతలికి దూరింది.

గడ్డిలో పాములుంటాయని ఆ ఊళ్ళో అందరికంటే ముందు చెప్పింది ఆమే. ఆ గడ్డిలోనే, ఒక చెప్పు తెగిపోతే రెండోది తానే వదిలేసి, తల మీద కొంగైనా లేకుండా, ఎర్రటి ఎండలో మూడు వందల గజాలు పరిగెత్తింది. వెనక సన్యాసిరావు, అతని వెనక తాడు పట్టుకున్న ఇద్దరు, వాళ్ళ వెనక ఎందుకో తెలియకుండానే ఒక కుక్క.

"ఆపవే! కళా! ఆపు!"

చంద్రకళ వేలు మీట మీద ఆగిపోయింది. "అమ్మా? టోపీ పెట్టుకున్నానే!"

"టోపీ కాదే, తోక!" అంటూ మాణిక్యాంబ కూలబడి, లక్క సీలు గోటితో పెరికి మూత తీసింది. ముఖ్య అతిథి, కార్యదర్శి, తొమ్మిది మంది సభ్యులు చూస్తుండగా ఒక్కొక్కటే బయటికి తీసి గడ్డి మీద పెట్టింది. రెండు తాయెత్తులు. మరో రెండు. వెండి బిళ్ళ. నవగ్రహాలు. ఆఖరుకు జీడిగింజల దండ, లాగుతూ ఉంటే వస్తూనే ఉంది.

చంద్రకళ ఒంగి ఖాళీ తోకలోకి చూసింది.

"ఇంకేమైనా ఉందా?" అంది. "గుడి, ధ్వజస్తంభం?"

"నిమ్మకాయ పట్టలేదే," అంది మాణిక్యాంబ. తరవాత కార్యదర్శి వైపు తిరిగి చేతులు జోడించింది. "అయ్యా, మొదటి రెండూ పడేసింది ఫోను కాదండి. నేనేనండి. పిల్ల పేరు కొట్టేయకండి. కావాలంటే నా పేరు రాసుకుని కొట్టేయండి."

భీమశంకరం గారి మొహం గండి పడిన కాలవలా అయింది. "అమ్మా, అది వీలు కాదు. కారణము ఫోనేనని రెండు నివేదికలు సమర్పించబడినవి. వాటిపై పద్దెనిమిది సంతకములు ఉన్నవి. ఇప్పుడు కారణము మారినచో సంతకములు ఏమి కావలెను?"

చంద్రకళ ఆయన మాట వినడం లేదు. విమానాన్ని ఎత్తి రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టింది. అది తక్కెడలా, కదలకుండా, సమంగా నిలిచింది. తాడు అవతల నుంచి బుల్లెబ్బాయి వేసిన ఈల ఇంతదూరం వినిపించింది. చంద్రకళ తల్లి వంక చూసి కన్ను గీటి, ఎవరూ అనుమతించక ముందే విమానాన్ని గాలిలోకి విసిరింది.

అది లేచింది. మిల్లు పొగగొట్టం మీదుగా తిరిగింది. సరిగ్గా తలకిందులుగా తిరగబోతుండగా, పందిట్లో ఫోను మోగింది.

తొమ్మిది మంది సభ్యులు నేల మీద పడుకున్నారు. పులిహోర గంగాళం మీద భీమశంకరం గారు స్వయంగా పళ్ళెం బోర్లించారు. మోగుతున్నది ముఖ్య అతిథి గారి ఫోను. ఆయన హోదాకు దాన్ని అడిగే ధైర్యం సన్యాసిరావుకు లేకపోయింది. "హలో," అన్నారు ఆయన తాపీగా. "ఆ, పప్పులో మామిడికాయే వెయ్యి." ఆకాశంలో చంద్రకళ విమానం చక్రంలా ఒక చుట్టు తిరిగి, "కారం తగ్గించు," అనేసరికి ఇంకో చుట్టు తిరిగి, ఆయన ఫోను పెట్టేసేలోపు పిట్టలా వచ్చి గడ్డి మీద వాలింది.

*

మూడు రోజులకు ఉత్తరువు వచ్చింది. అందులో మొదటి అంశము: సంయుక్త సంచాలకుల స్థాయి, అంతకు పైబడిన అధికారుల ఫోనుల వలన విమానములకు హాని లేదని ప్రయోగపూర్వకముగా రుజువైనది. మిగిలిన హోదాల విషయమై పరిశోధన జరుగుచున్నది. రెండవ అంశము: కుమారి చంద్రకళ పేరు రిజిస్టరులో యథాతథముగా కొనసాగును. మూడవ అంశము: ఆమె తల్లిగారు దూరమున ఉన్నప్పుడే ఫోను చేయుటయు, తాయెత్తులు కట్టుటయు జరుగుచున్నందున, ఇకపై ప్రతి ఆదివారము సదరు తల్లిగారు పైలటు పక్కనే ఆసీనులై ఉండవలెను. ఇందుకు గాను ఒక స్టూలు మంజూరు చేయడమైనది.

ఆ ఆదివారం మాణిక్యాంబ ఏడింటికల్లా గొడుగు, మజ్జిగ సీసా, రెండు టోపీలతో వచ్చి స్టూలు మీద కూర్చుంది. విమానం లేచింది.

"అంత పైకి పంపకే."

"సరేనమ్మా."

"మబ్బు పట్టేట్టుంది, దించెయ్. వెనక్కి నడవకు, ఎందుకైనా మంచిది. అదేంటే అది తలకిందులైంది? కళ్ళు తిరగవూ దానికి? మజ్జిగ తాగు. ఆ గద్ద నిన్నే చూస్తోంది. టోపీ కిందికి లాక్కో."

పదింటికి చంద్రకళ విమానం దించి, రిమోటు తల్లి ఒళ్ళో పెట్టి, తిన్నగా గుడారం దగ్గరకు నడిచింది. సన్యాసిరావు దగ్గర తెల్లకాగితం అడిగి తీసుకుని నిలబడే రాసింది. మండలి చరిత్రలో ఫోను నిషేధం ఎత్తివేయమని వచ్చిన మొదటి అర్జీ అది. కారణము అన్న చోట ఇలా ఉంది: "అమ్మ ఫోనులో ఉన్నప్పుడు నేను మధ్యలో పెట్టేయగలిగేదాన్ని."